రంగు చూసి కూలెంటు కొంటే ఇంజనుకే చేటు

రోలుగుంట: దుకాణానికి వెళ్ళి "పచ్చది ఇవ్వండి", "ఎర్రది ఉందా" అని రంగు పేరు చెప్పి కూలెంటు కొనడం ట్రాక్టర్లు, వ్యాన్ల యజమానులలో చాలామందికి అలవాటు. ఇది సరికాదు. రంగు తయారీదారు కలిపేది. ఏ రంగుకు ఏ రకమనే కట్టుబాటు ఏదీ లేదు.

కూలెంటులో ప్రధానమైనది ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం. తేడా అంతా తుప్పు పట్టకుండా అందులో కలిపే మందులలోనే ఉంది. పాత రకంలో సిలికేటు, ఫాస్ఫేటు వంటి లవణాలుంటాయి. దీనిని సుమారు రెండేళ్ళకు మార్చాలి. సేంద్రియ ఆమ్లాలు కలిపిన రకం అయిదేళ్ళ వరకు పనిచేస్తుంది. రెండింటి మందులూ ఉన్న మూడో రకం కూడా ఉంది. ఒక రకంలో మరొకటి పోస్తే మందు బలం తగ్గుతుంది. ఒక్కోసారి జిగురులా పేరుకుని రేడియేటర్ గొట్టాలు పూడిపోతాయి.

ట్రాక్టర్లు, లారీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా డీజిల్ ఇంజన్లలో నీరు నేరుగా లైనరుకే తగులుతుంది. లైనరు అదురుకు నీటిలో బుడగలు పుట్టి పగులుతూ, ఇనుమును సూదిమొన గుంటలుగా తినేస్తాయి. చివరకు నీరు ఆయిల్లో కలుస్తుంది. దమ్ము రోజుల్లో ఇంజను విప్పవలసి వస్తే రైతు గతి ఏమిటి? దీన్ని అరికట్టే నైట్రైటు వంటి మందు కార్ల కూలెంటులో ఉండకపోవచ్చు. అందుచేత ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన రకమే పోయాలి.

"ఇక్కడ నీళ్ళు గడ్డకట్టవు కదా, కూలెంటు దేనికి?" అనేవారూ ఉన్నారు. సగం కూలెంటు, సగం నీరు కలిపితే మామూలు పీడనంలోనే దాదాపు 106 డిగ్రీల వరకు మరగదు. రేడియేటర్ మూత బిగువుగా ఉంటే ఇంకా ఆగుతుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కే బండికి ఆ కొద్ది డిగ్రీలే ప్రాణం. బోరు నీటిలోని సున్నం గారకట్టి వేడి బయటకు పోనివ్వదు. కలిపేందుకు డిస్టిల్డ్ వాటరే వాడాలి. ముందే నీరు కలిపి అమ్మే రకంలో మళ్ళీ నీరు పోయడం డబ్బు పారబోసుకోవడమే. గాలితో చల్లబడే మోటారు సైకిళ్ళకు ఈ బెడదే లేదు.

ఏ బండికి ఏ రకమో, కలిపినదో కలపనిదో దుకాణదారు తెలుగులో చెప్పి అమ్మాలి. బండి అమ్మే డీలరు తొలి సర్వీసులోనే ఈ సంగతి చెప్పడం ధర్మం. డబ్బాపై భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 5759 ఉన్నదీ లేనిదీ కొనేవారు చూసుకోవాలి. మరో ముఖ్య విషయం, ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. తీసేసిన పాత కూలెంటును షెడ్డు పక్క గుంటలోనో, పంట బోదెలోనో వదిలితే పశువులు, కుక్కలు తాగి చనిపోగలవు. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో ఉంచితే పసిపిల్లలకూ అంతే ప్రమాదం.