ముందు నీళ్లు చూడండి

డిష్‌వాషర్‌లోంచి తీసిన గాజు గ్లాసు ఆరాక తెల్లగా పొర కడితే నింద మిషన్ మీదే పడుతుంది. మచిలీపట్నం, గుడివాడ వైపు ముందు అనుమానించాల్సింది బోరు నీళ్లను. గ్లాసు మీద రెండు చుక్కల వెనిగర్ వేసి రుద్దితే పొర కరిగిందా, అది సున్నం. ఉత్త మంచినీళ్లకే పోయిందా, ఉప్పో మిగిలిన డిటర్జెంటో. దేనికీ పోలేదంటే గాజే అరిగింది, ఇక బాగుపడదు. సున్నమైతే వైద్యం సులువే. ఖాళీ మిషన్‌లో నిమ్మఉప్పు వేసి వేడినీళ్ల ప్రోగ్రాం ఒకసారి నడపాలి, అడుగున ఉన్న అరలో డిష్‌వాషర్ ఉప్పు నింపాలి, నీటి కాఠిన్యానికి తగ్గట్టు సెట్టింగ్ పెంచాలి. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు మాత్రం వద్దు, గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థం లోపల నీటి కాఠిన్యాన్ని తగ్గించే రెజిన్‌ను పాడుచేస్తుంది. ఆ రెజిన్ పట్టేది కాల్షియం, మెగ్నీషియాలనే. నీటిలో కరిగిన ఉప్పును వదిలేస్తుంది. అందుకే దివిసీమలో ఉప్పునీటి బోరుకు కలిపిన మిషన్‌ను ఏ సెట్టింగూ ఆదుకోదు, కాలువ నీటితో నిండే చెరువు నుంచి వచ్చే కుళాయికే కలపాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. అంత తేడాకు చోటున్నప్పుడు నీళ్లు చూడకుండా మిషన్ బిగించి వెళ్లడం కొన్నవాళ్లకు అన్యాయమే. బిగించే రోజే టెక్నీషియన్ పరీక్ష స్ట్రిప్ ముంచి, వచ్చిన అంకె ఇంటివాళ్లకు చెప్పి, సెట్టింగ్ పెట్టి వెళ్లాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేశాక బోరుకు మారే ఇళ్లలో ఆ పరీక్ష మళ్లీ చేయాలి.