ఉద్దానం ఇసుక నేలలు: యూరియా బస్తా వెనుక పెరుగుతున్న సున్నం బాకీ

2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం రైతులు గంటల తరబడి క్యూలో నిలబడ్డారు. చర్చ అంతా ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎవరికి దక్కాయి అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ బస్తా నేలలో పడిన తర్వాత ఏం జరుగుతుందన్నది ఎక్కువగా చర్చకు రాలేదు. నల్లరేగడిలో ఈ ప్రశ్నను కొంతకాలం వాయిదా వేయవచ్చు. సముద్ర తీరం వెంబడి ఇసుక నేలల్లో సాగు చేసే రైతుకు మాత్రం వాయిదా వేసే వీలు లేదు. అక్కడ నేలకు తట్టుకునే శక్తి తక్కువ.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి తోటలే ప్రధాన ఆధారం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు కాపుకు వచ్చే వయసులో ఉన్నాయి. దేశవాళీ పొడవు రకాలు కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. అందుకే ఈ రెండు మూడేళ్లలో నేలకు ఇచ్చే పోషణ రాబోయే దశాబ్దాల దిగుబడిని నిర్ణయిస్తుంది.

తీరపు ఇసుక అంతా ఒకటి కాదు

తీరం వెంట ఉన్న నేలలన్నీ ఒకే కాలంలో ఏర్పడలేదు. వేల సంవత్సరాల క్రితం సముద్ర మట్టం మారుతూ వచ్చినప్పుడు అలలు, గాలి తెచ్చిపోసిన ఇసుక వరుస వరుసలుగా మెట్టల రూపంలో నిలిచిపోయింది. నేటి అలల అంచుకు దగ్గరగా ఉన్నది కొత్త ఇసుక. లోపలికి వెళ్లేకొద్దీ పాత మెట్టలు వస్తాయి.

కొత్త ఇసుకలో గుల్లల ముక్కలు కలిసి ఉంటాయి. గుల్ల అంటే సున్నమే. కాబట్టి అలాంటి చోట నేల సాధారణంగా తటస్థంగానో, కొంచెం క్షారంగానో ఉంటుంది. పాత మెట్టల్లో తరతరాల వానలకు ఆ గుల్ల కరిగి, కాల్షియం, మెగ్నీషియం కిందికి కొట్టుకుపోయి ఉంటాయి. మిగిలేది ఎక్కువగా పలుగురాయి ఇసుక, దాని మీద ఇనుము పూతతో వచ్చిన ఎరుపు లేదా పసుపు రంగు. ఏటా 1000 మి.మీ. పైగా వాన పడే ప్రాంతాల్లో ఇలాంటి పాత ఇసుక నేలలు ఆమ్ల గుణం వైపు జరుగుతాయి. కేరళలో కాయంకుళం చుట్టూ ఉన్న ఓణాట్టుకర ప్రాంతం ఇదే తీరు నేలలకు పేరుపడింది. అక్కడ ఇసుక, ఆమ్లత్వం రెండూ కలిసే ఉంటాయి.

కాబట్టి పక్క ఊరి రైతు సున్నం వేశాడని మనమూ వేయడం, వాళ్లు మానేశారని మనమూ మానడం రెండూ పొరపాటే. ఒకే ఊరిలో సముద్రం వైపు పొలానికి సున్నం అక్కర్లేకపోవచ్చు, రోడ్డుకు ఇవతలి తోటకు తప్పనిసరి కావచ్చు.

ఇసుక నేల ఎందుకు త్వరగా పులుస్తుంది?

నేలలోని బంకమట్టి, సేంద్రియ పదార్థం గాదె లాంటివి. కాల్షియం, మెగ్నీషియం, పొటాష్ వంటి పోషకాలను పట్టి ఉంచి, పైరుకు కావలసినప్పుడు ఇస్తాయి. ఇసుకలో ఈ గాదె చాలా చిన్నది. వేసిన పోషకంలో చాలా భాగం ఒక్క పెద్ద వానకే వేరు కిందికి దిగిపోతుంది.

దీనికి తోడు నత్రజని ఎరువులు నేలను పులియజేస్తాయి. యూరియా, అమ్మోనియం సల్ఫేట్, డీఏపీలలోని నత్రజని నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. ఆ నైట్రేట్‌ను పైరు పూర్తిగా తీసుకుంటే నష్టం కొంత సర్దుకుంటుంది. అది నీటితో కొట్టుకుపోతే మాత్రం తనతో పాటు కాల్షియం, మెగ్నీషియంలను కూడా తీసుకుపోతుంది, ఆమ్లం పైపొరలోనే మిగిలిపోతుంది. ఇసుక నేలలో కొట్టుకుపోవడమే ఎక్కువ.

లెక్క చూద్దాం. యూరియా ద్వారా ఇచ్చే ఒక కిలో నత్రజని వల్ల పుట్టే ఆమ్లాన్ని సరిచేయడానికి సుమారు 1.8 కిలోల శుద్ధమైన సున్నపురాయి పొడి కావాలి. అమ్మోనియం సల్ఫేట్ అయితే కిలో నత్రజనికి 5 కిలోలకు పైగానే కావాలి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అంటే ఒక్కో బస్తాకు దాదాపు 37 కిలోల సున్నం బాకీ పడుతుంది. ఏడాదికి ఎకరాకు నాలుగు బస్తాలు వాడితే 150 కిలోలు, ఐదేళ్లకు 750 కిలోలు. ఇది సుమారు లెక్క. పైరు తీసుకున్న మేరకు, పశువుల ఎరువు వేసిన మేరకు బాకీ తగ్గుతుంది. అయినా ఏటా కొంత పేరుకుంటూనే ఉంటుంది.

యూరియా బస్తా ధర రైతుకు రూ. 266.50. డీఏపీ 50 కిలోల బస్తా రూ. 1350. యూరియా ధర ఇంత తక్కువగా ఉండటానికి కారణం కేంద్రం భరిస్తున్న సబ్సిడీ. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పోషక ఆధారిత సబ్సిడీ విధానంలో యూరియాను చేర్చలేదు. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా ధర దాదాపు కదలలేదు. చౌకగా దొరికే ఎరువు వైపు రైతు మొగ్గడం సహజం. ఆ చౌక ఎరువు నేలకు పెట్టే సున్నం ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ కనిపించదు.

పొలంలో కనిపించే లక్షణాలు

ఉదజని సూచిక (పీహెచ్) 5.5 కంటే తగ్గితే భాస్వరం పైరుకు సరిగా అందదు. అల్యూమినియం కరిగి వేరు చివరలను దెబ్బతీస్తుంది. పప్పుజాతి పైర్ల వేరు బుడిపెలు సరిగా కట్టవు. కాల్షియం తక్కువైన నేలలో వేరుశనగలో పప్పు నిండని తాలుకాయలు ఎక్కువవుతాయి, ఎందుకంటే వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. కొబ్బరిలో మెగ్నీషియం తక్కువైతే ముదురు ఆకులు చివరల నుంచి పసుపు రంగుకు తిరుగుతాయి. ఎండ తగిలే భాగంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటి చెట్టుకు పచ్చదనం కోసం మళ్లీ యూరియా వేస్తే సమస్య ముదురుతుంది.

సాయిల్ హెల్త్ కార్డును ఎలా చదవాలి?

2015 ఫిబ్రవరి 19న కేంద్రం ప్రారంభించిన భూసార పరీక్ష కార్డులో 12 అంశాలు ఉంటాయి. వాటిలో ఉదజని సూచిక, లవణ సూచిక (ఈసీ), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఇంకా సూక్ష్మపోషకాలు ఉన్నాయి. కాల్షియం, మెగ్నీషియం మాత్రం ఈ 12లో లేవు. ఆమ్ల ఇసుక నేలలో మొదట తరిగిపోయేవి ఆ రెండే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పథకం నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న చోట 2.5 హెక్టార్లకు ఒకటి, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒకటి చొప్పున నమూనా తీశారు. 10 హెక్టార్లంటే 25 ఎకరాలు. ఇసుక మెట్ట, దాని పక్కనే పల్లం, కొత్త ఇసుక, పాత ఇసుక అన్నీ ఆ 25 ఎకరాల్లోనే ఉండవచ్చు. ఎకరం, రెండెకరాల తోట ఉన్న రైతు చేతిలోని కార్డు తన తోట సంగతి చెప్పకపోవచ్చు.

పీహెచ్ అంకె ఒక్కటే చూసి సున్నం మోతాదు తేల్చకూడదు. పీహెచ్ 5 ఉన్న బంకమట్టి నేలకు టన్నుల కొద్దీ సున్నం పట్టవచ్చు. అదే 5 ఉన్న ఇసుక నేలకు అందులో కొద్ది భాగమే చాలు, ఎందుకంటే గాదె చిన్నది. బంకనేల మోతాదు ఇసుకలో వేస్తే పీహెచ్ ఒక్కసారిగా పెరిగి జింకు, ఇనుము, మాంగనీసు, బోరాన్ లోపాలు వస్తాయి.

రైతులు చేయవలసినవి

1. సొంత నమూనా తీయాలి. రంగు, ఎత్తుపల్లాలు మారిన చోటల్లా విడి నమూనా కావాలి. వేరుశనగ వంటి పైర్లకు 15 సెం.మీ. లోతు వరకు, తోటలకు 30, 60, 90 సెం.మీ. లోతుల్లో విడివిడిగా తీయాలి. గట్లు, ఎరువు కుప్పలు వేసిన చోట్లు వదిలేయాలి. సున్నం అవసరం ఎంతో కూడా చెప్పమని ప్రయోగశాలలో అడగాలి.

2. పీహెచ్ 5.5 కంటే తక్కువ ఉంటేనే సున్నం గురించి ఆలోచించాలి. పరీక్ష ఫలితాన్ని బట్టి మోతాదు నిర్ణయించాలి. ఇసుక నేలల్లో ఒక్క విడతలో ఎకరాకు 200 నుంచి 400 కిలోలకు మించకపోవడం క్షేమం. ఇంకా అవసరమైతే మరుసటి ఏడాది మళ్లీ పరీక్ష చేయించి వేసుకోవాలి.

3. ఏ సున్నం అన్నది గమనించాలి. 100 కిలోల సున్నపురాయి పొడి చేసే పనిని 74 కిలోల తడి సున్నం, 56 కిలోల కాల్చిన సున్నం చేస్తాయి. గుల్ల సున్నం దొరికే చోట అది కూడా పనికొస్తుంది, కానీ కాల్చినదైతే మోతాదు తగ్గించాలి. మెగ్నీషియం లోపం ఉన్న కొబ్బరి తోటలకు డోలమైట్ మంచిది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆమ్ల నేలల్లో ఏటా చెట్టుకు కిలో సున్నం లేదా డోలమైట్ సిఫారసు చేస్తోంది. మన తోటలో పీహెచ్ తక్కువని తేలితే ఇది మంచి కొలమానం.

4. సున్నాన్ని తొలకరికి ముందు వేసి మట్టిలో కలపాలి. యూరియా, డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్‌లతో కలిపి వేయకూడదు. కలిపితే నత్రజని అమ్మోనియా రూపంలో గాలిలో కలిసిపోతుంది, భాస్వరం అందకుండా పోతుంది. రెండు మూడు వారాల వ్యవధి ఇవ్వాలి.

5. జిప్సం సున్నానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ రెండింటినీ చాలామంది ఒకటిగా భావిస్తారు. జిప్సం కాల్షియం, గంధకం ఇస్తుంది కానీ పులుపు తగ్గించదు. వేరుశనగకు పూత, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం తప్పక వేసుకోవాలి. పీహెచ్ తక్కువగా ఉంటే సున్నం పని సున్నానిదే.

6. నత్రజనిని చిన్న చిన్న దఫాలుగా ఇవ్వాలి. పెద్ద వాన సూచన ఉన్నప్పుడు ఎరువు వేయకూడదు. అమ్మోనియం సల్ఫేట్ వాడకం ఈ నేలల్లో తగ్గించాలి. భాస్వరానికి వీలైనంతవరకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వాడితే దానితో కాల్షియం, గంధకం కూడా అందుతాయి. డీఏపీలో కాల్షియం లేదు.

7. గాదెను పెద్దది చేయాలి. చెరువు మట్టి, పశువుల ఎరువు, మాగిన కొబ్బరి పొట్టు, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట ఇసుక నేలకు అసలైన మందు. తోట పాదుల్లో కొబ్బరి డొక్కలు పూడ్చితే తేమ నిలుస్తుంది. జీడి ఆకును తగలబెట్టకుండా పాదుల్లోనే కప్పాలి.

నీటి సంగతి మరవొద్దు

ఇసుకలోంచి దిగిన నైట్రేట్ ఎక్కడికో పోదు, బావిలోకే చేరుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది భారత ప్రమాణం. దొరువు, గొట్టపు బావి తోటలోనే ఉండి ఇంటిల్లిపాదీ ఆ నీరే తాగుతుంటే నీటి పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది. బాపట్ల ప్రాంతంలో దొరువుల మెరుగుదలపై జరిగిన పరిశోధన చెప్పేది కూడా ఒక్కటే: ఇసుక కింద ఉప్పునీటిపై తేలే మంచినీటి పొర పలుచనిది, దాన్ని మెల్లగా, పైపైనే తోడుకోవాలి. లవణ సూచిక పెరుగుతుంటే పంపు వేళలు తగ్గించాలి.

విధానంలో ఏం మారాలి?

కేరళలో కృషి భవన్‌ల ద్వారా సున్నాన్ని రాయితీపై రైతులకు అందిస్తున్నారు. మన రాష్ట్రంలో జిప్సం, జింక్ సల్ఫేట్, బోరాక్స్ రాయితీపై ఇచ్చిన అనుభవం ఉంది. అదే మార్గంలో ఆమ్ల గుణం ఉన్న తీర మండలాలకు సున్నం, డోలమైట్ చేర్చడం కష్టమైన పని కాదు. దీనికి డబ్బు మార్గం కూడా ఉంది. 2023 జూన్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం ప్రణామ్ పథకం ప్రకారం రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రానికి మిగిలిన సబ్సిడీలో 50 శాతం గ్రాంటుగా వస్తుంది. యూరియా తగ్గించి మిగుల్చుకున్న సొమ్ములో కొంత, ఆ యూరియా పులియజేసిన నేలను బాగుచేయడానికే వెచ్చించడం న్యాయం. అంతకంటే ముందు తీర మండలాల్లో నమూనాల గడి చిన్నది చేసి, కాల్షియం, మెగ్నీషియం పరీక్షలను కూడా చేర్చాలి.

అవన్నీ జరిగేదాకా రైతు ఆగనక్కర్లేదు. వచ్చే తొలకరికి ముందు అరకిలో మట్టి సంచిలో కట్టి సమీప రైతు సేవా కేంద్రానికి గానీ, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ తీసుకెళ్లండి. సందేహాలుంటే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. తిత్లీ తర్వాత నాటిన మొక్క ఇప్పుడు తొలి గెల వేస్తోంది. మరో బస్తా యూరియా కొనేముందు, దాని కింద మట్టి పులిసిందో లేదో ఒక్కసారి చూసుకోండి.