వణుకు తగ్గినంత మాత్రాన నడక రాదు

ఇంట్లో పెద్దాయనకు చెయ్యి వణుకుతోంది. గుమ్మం దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నాయి. మెదడులో వైర్లు పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్ ఉందని, చేయిస్తే లేచి నడుస్తారని ఎవరో చెప్పారు. స్థలం అమ్మైనా చేయిద్దామని మీరు అనుకుంటున్నారా? అమ్మే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

వణికే జబ్బులను యునానీలో రాషా అంటారు. ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్‌లో దీని గురించి రాశాడు. అందులో ఒక రకాన్ని 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ విడిగా వివరించాడు. మెదడు లోపల డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు నశించడం వల్ల ఈ పార్కిన్సన్స్ జబ్బు వస్తుంది. లెవోడోపా మాత్ర ఆ లోటును కొంత పూడుస్తుంది.

ఆపరేషన్ ఏం చేస్తుంది?

1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ అనే సర్జన్ ఈ పద్ధతికి దారి చూపించాడు. పుర్రెకు రంధ్రం చేసి సన్నని వైర్లను మెదడు లోతుకు పంపుతారు. మెడ చర్మం కింద నుంచి తీగ లాగి, ఛాతీలో అమర్చిన బ్యాటరీకి కలుపుతారు. వణుకు, బిగుసుకుపోవడం, కదలికల మందకొడితనం చాలామందికి బాగా తగ్గుతాయి. ఇందులో సందేహం లేదు. అయితే జబ్బు నయం కాదు, పెరగడమూ ఆగదు.

నడక సంగతి వేరు. మాత్ర వేసుకున్నాక బాగా నడిచి, దాని ప్రభావం తగ్గగానే ఆగిపోయే మనిషికి ఈ ఆపరేషన్ నడకలో కూడా మేలు చేస్తుంది. మాత్ర బాగా పనిచేస్తున్న గంటల్లోనూ కాళ్ళు అతుక్కుపోయేవారికి, తూలి పడిపోయేవారికి సాధారణంగా మేలు చేయదు. ఎందుకంటే ఆ లోపం డోపమైన్ ఒక్కదానితో పుట్టింది కాదు. కొందరిలో మాట ముద్దగా రావడం, తూలడం ఎక్కువవుతాయి కూడా. అరుదుగా మెదడులో రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రావచ్చు.

అందుకే నా అభిప్రాయం ఇది: ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు నడక పరీక్ష చేయించమని మీరే అడగండి. రాత్రి నుంచి మాత్ర ఆపి పొద్దున నడిపిస్తారు, తర్వాత మాత్ర ఇచ్చి మళ్ళీ నడిపిస్తారు. ఇది డాక్టరు సమక్షంలోనే జరగాలి, ఇంట్లో సొంతంగా మాత్ర ఆపకూడదు. రెండు నడకల్లో తేడా కనబడకపోతే, నడక కోసమని లక్షలు పోయడం వృథా. వణుకు తగ్గిన వీడియోలు చూపించేవారిని, నడక సంగతేమిటని నిలదీసి అడగండి. బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది, మార్చడానికి ఎంత అవుతుంది అని కూడా అడగండి.

హకీములకూ ఒక మాట

కౌంచ్, అంటే మన దూలగొండి గింజల్లో లెవోడోపా ఉందని 1937లో దామోదరన్, రామస్వామి తేల్చారు. అందుకని అది మాత్రకు బదులు కాదు. గింజల్లో మోతాదు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. మాత్రతో పాటు కౌంచ్ కూడా వాడితే ఒళ్ళు మెలికలు తిరగవచ్చు, భ్రమలు రావచ్చు. డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు. మాత్ర మానేయమనే హకీం మాట వినవద్దు. ఆపరేషన్ అయినవారికి తీగ, బ్యాటరీ ఉన్నచోట హిజామా చేయించకూడదు.

ఇంట్లో చేయగలిగినవి

నేలమీద అడుగుకొకటి చొప్పున రంగు టేపు అడ్డంగా అంటించండి. గీత దాటమంటే, ఆగిన కాలు చాలాసార్లు కదులుతుంది. పక్కన నిలబడి ఒకటి, రెండు అని లెక్క పెట్టండి. చెయ్యి పట్టి లాగకండి. తిరిగేటప్పుడు ఒక్కచోటే గిరుక్కున తిరగకుండా, అర్ధచంద్రాకారంగా తిరగమనండి. మాంసం, పప్పు మాత్ర పనిని కొందరిలో తగ్గిస్తాయి కాబట్టి మాత్రను భోజనానికి అరగంట ముందే ఇవ్వండి. ఫిజియోథెరపిస్టు దగ్గర నడక సాధన మానవద్దు.

ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది, ఆయనకు ఏది బాగుపడాలో తేల్చుకున్నాకే నిర్ణయించండి. వణుకు అయితే ఆశ పెట్టుకోవచ్చు. నడక అయితే ముందు పరీక్ష, తర్వాతే బేరం.