కాగితం మీద గేదె పాలివ్వదు

పోయిన నెలలో ఓ సాయంత్రం మా వెనకవీధి పొదుపు సంఘం లీడరు పుస్తకాల సంచీ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. "అమ్మా, డిగ్రీ సదివినోరు, కతలు కూడా రాత్తారంట కదా! మా పిలాను కూడా రాసీండి. ఎల్లుండికి ఇచ్చీమన్నారు" అంది.

పక్క సంఘం వాళ్ళ ప్లాను నకలొకటి తనే తెచ్చింది. పేర్లు మార్చి దింపేస్తే చాలట. తీసి చూశాను. పదిమంది సభ్యుల్లో ఏడుగురికి గేదెలు, ఇద్దరికి కిరాణా కొట్లు, ఒకామెకి కుట్టుమిషను.

"మీ సంఘంలో కూడా ఏడుగురు గేదెలు కొంటున్నారా?" అనడిగాను.

ఆమె నవ్వేసింది. "ఏటి గేదెలమ్మా! కట్టీడానికి జాగా ఎక్కడుంది? ఒకామెకి గుంట ఫీజు, ఒకామెకి బయట వడ్డీ బాధ, ఇంకొకామెకి గాడిపొయ్యి, సామాను. అయన్నీ రాస్తే డబ్బులియ్యరంట. గేదె రాసీమన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ అంతారు."

కథల్లో లేని మనుషుల్ని పుట్టించడం నాకు అలవాటే గానీ, లెక్కల పుస్తకంలో లేని గేదెల్ని పుట్టించడానికి మనసొప్పలేదు. రెండు రోజులు గడువు అడిగి రమ్మన్నాను. ఆ రెండు రోజుల్లో నాకు తెలిసొచ్చిందే మీతో చెబుదామని ఇది రాస్తున్నాను.

ఫలితం చూశాకే పైకం

"పని జరిగిందని చూపించండి, అప్పుడు డబ్బిస్తాం" అనే పద్ధతి ఈమధ్య అన్నిచోట్లా వినిపిస్తోంది. ప్రపంచబ్యాంకు 2012లో ఈ తరహా రుణాలకి ఒక ప్రత్యేక విధానమే పెట్టింది. 2015 డిసెంబరులో స్వచ్ఛభారత్ గ్రామీణ్‌కి మంజూరు చేసిన 150 కోట్ల డాలర్లు, 2021లో మన రాష్ట్రంలో బడిపిల్లల చదువు బాగుపడడానికి మంజూరు చేసిన 25 కోట్ల డాలర్లు ఈ కోవలోవే.

అంత పెద్ద మాటలెందుకు? మన జిల్లాలోని పొందూరులో నూలు వడికే ఆడవాళ్ళకి కూలి చిలపల లెక్కనే కదా! కానీ చిలప చేతికి రాకముందు ఎంత పనుంది! వాలుగ చేప దవడ ముల్లుతో పత్తిని శుభ్రం చేసుకోవాలి, ఏకాలి, ఆ తర్వాత రాట్నం ముందు కూర్చోవాలి. డబ్బులిచ్చేవాళ్ళకి చిలప కనిపిస్తుంది. చిలప వెనక గడిచిన పూటలు వడికిన మనిషికే తెలుస్తాయి. ఆ పూటల్ని ముందుగా లెక్క వేసుకోవడాన్నే పెద్దవాళ్ళు కార్యాచరణ ప్రణాళిక అంటారు.

మన పొదుపు సంఘాలకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. 1982లో కేంద్రం డ్వాక్రా మొదలుపెట్టింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజిని పరీక్షగా ప్రారంభించింది. 1999లో డ్వాక్రాను కలిపేసుకుని వచ్చిన స్వర్ణజయంతి పథకంలో ఆరు నెలలు నడిచిన సంఘానికి గ్రేడింగు పెట్టి, పాసైతేనే రివాల్వింగు ఫండు ఇచ్చేవారు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో 'వెలుగు' మొదలైన ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. 2011లో వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌లో 'పంచసూత్రాలు' ప్రతి సంఘానికీ కంఠోపాఠం: క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల్లోపల అప్పులివ్వడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఇవి పాటిస్తేనే మొదటి సొమ్ము. ఆ తర్వాత ఇంటింటి అవసరాలు కనుక్కుని మైక్రోప్లాను రాసుకుంటేనే గ్రామైక్య సంఘం ద్వారా పెట్టుబడి నిధి.

పద్ధతి మంచిదే. అసలు చిక్కు ఆ ప్లాను ఎవరు రాస్తున్నారన్న దగ్గరొస్తోంది.

ఆరు ప్రశ్నలు

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక పదిమందినీ మా వసారాలో కూర్చోబెట్టాను. నకలు పక్కన పడేసి ఆరంటే ఆరు ప్రశ్నలు వేసుకున్నాం. ఇవాళ ఎక్కడున్నాం? ఏడాదికి ఎక్కడికి చేరాలి? ఏ నెలలో ఏ పని, ఎవరు చేస్తారు? ముందు పెట్టే డబ్బు ఎక్కడిది? పని జరిగిందనడానికి ఋజువేమిటి? ఏది అడ్డం పడొచ్చు?

మొదటి ప్రశ్నకే గంటన్నర పట్టింది. తలొంచుకుని కూర్చున్న ఒకావిడ చివరికి నోరు విప్పింది. బయట ఇరవై వేలు అప్పుంది, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి ఆరొందలు వడ్డీకే పోతోంది, అసలు కదలడం లేదు. సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుని ఆ అప్పు తీర్చేస్తే వడ్డీ రెండొందలకి దిగుతుంది. నెలకి నాలుగొందలు, ఏడాదికి నాలుగువేల ఎనిమిదొందలు మిగులు. ఆమె అది చెప్పాక మరో ముగ్గురు "మాదీ అదే కత" అన్నారు. పదేళ్ళుగా పక్కపక్కన కూర్చుని పొదుపు కడుతున్నవాళ్ళకి ఒకరి బాధ ఒకరికి తెలియదు!

పాత అప్పు తీర్చుకోవడం కూడా మైక్రోప్లానులో రాయదగ్గ అవసరమే. ఆ సంగతి వీళ్ళకి ఎవరూ చెప్పలేదు. లేదా చెప్పినా గేదె మాటే చెవిన పడింది.

రెండో రోజుకి ప్లాను తేలింది. నలుగురికి బయటి అప్పు తీర్చడం. ఒకామెకి గేదె, ఎందుకంటే ఆమెకి నిజంగానే పాకుంది, గడ్డి ఉంది, చేసుకునే ఓపికుంది. ఒకామెకి పెళ్ళిళ్ళ సీజనుకి ముందు జాకెట్టు గుడ్డలు, లైనింగు కొనుక్కోడానికి కొంత. ఒకామెకి ఇడ్లీ బండికి పొయ్యి, సామాను. ఒకామెకి కూతురి ఫీజు. మిగిలిన ఇద్దరూ "ఈ ఏడు మాకొద్దమ్మా, ఉన్నది తీరనీ" అన్నారు. వద్దనే హక్కు కూడా ప్లానులో ఒక భాగమేనని నాకప్పుడే అర్థమైంది.

ఋజువు మాటకొస్తే, గేదె పక్కన నిలబడి దిగిన ఫోటో ఋజువు కాదనుకున్నాం. నెలనెలా పాల డబ్బు ఎంతొచ్చిందో, దాణాకి ఎంత పోయిందో రాసుకోవడం ఋజువు. అప్పు తీర్చినావిడ ప్రోనోటు వెనక్కి తెచ్చి సమావేశంలో చూపించడం ఋజువు. ఈ మాట వాళ్ళే అన్నారు, నేను రాశానంతే.

ఇచ్చేవాళ్ళకి కొన్ని మాటలు

తప్పంతా ఆడవాళ్ళ మీదే తోసేస్తే అన్యాయం. ఫలితం చూసి డబ్బిస్తామనేవాళ్ళు కూడా కొన్ని ఆలోచించాలి.

ఫలితం వచ్చేదాకా పెట్టుబడి ఎవరు పెడతారు? 2004లో వచ్చిన పావలా వడ్డీలో సంఘాలు ముందు బ్యాంకుకి పూర్తి వడ్డీ కట్టాలి. సక్రమంగా కట్టినవాళ్ళకి పావలాకి మించినది తర్వాత వెనక్కొచ్చేది. 2014లో స్వచ్ఛభారత్ మొదలయ్యాక మరుగుదొడ్డికి ఇచ్చిన పన్నెండు వేల ప్రోత్సాహకమూ అంతే, ముందు కట్టుకోండి తర్వాత ఇస్తాం అనే తీరు. చేతిలో నాలుగు డబ్బులున్న ఇంటికి ఆ మధ్యకాలం ఫరవాలేదు. లేని ఇల్లాలు చెవి కమ్మలు తాకట్టు పెట్టాలి, లేదా మళ్ళీ అదే మూడు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కాలి. అందుకే ప్రతి ప్లానులోనూ కొంత సొమ్ము ముందుగా చేతికందేలా ఉండాలి.

రెండోది, అడ్డం పడేవాటి లెక్క. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాలో కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసింది. అలాంటి ఏడాది కిస్తీ ఆలస్యమైతే అది సంఘం చేతకానితనమా? మంచి మార్కులు వచ్చినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ డబ్బందితే, రానివాళ్ళు ఇంకా వెనకబడతారు. తరగతిలో వెనక బెంచీ పిల్లకే మాస్టారి అవసరం ఎక్కువ. గ్రేడు తగ్గిన సంఘానికి డబ్బు ఆపే ముందు, పుస్తకాలు రాయడం నేర్పే మనిషిని పంపండి.

మూడోది, కొలబద్ద. తిరిగి కట్టడం ఒక్కటే ఫలితమైతే, బయట అప్పు చేసి సంఘం కిస్తీ కట్టేవాళ్ళు కూడా మంచి సభ్యులకిందే లెక్క. అలాంటివాళ్ళని నేను చూశాను. పుస్తకంలో నూటికి నూరు వసూలు కనిపిస్తుంది, ఇంట్లో మాత్రం బియ్యం డబ్బా ఖాళీ. "కట్టావా?" అనడంతో పాటు "ఎలా కట్టావు?" అని కూడా అడిగినప్పుడే ఆ లెక్క బయటపడుతుంది.

మనం చేయగలిగింది

అనుకున్న రోజుకి లీడరు ప్లాను పట్టుకెళ్ళింది. "గేదెలేవీ? ఒకటే ఉందేం?" అని అడిగారట. "ఒకామే మేపగలదు బాబూ, అందుకే ఒకటి" అని చెప్పిందట. కాగితం తీసుకున్నారు. సొమ్ము ఎప్పుడొస్తుందో ఇంకా తెలీదు. ఎదురుచూస్తున్నారు. ఈలోగా నలుగురి బయటి అప్పుల్లో చిన్నది సంఘం పొదుపు సొమ్ములోంచే తీర్చేశారు. పోయిన సమావేశానికి ఆమె ప్రోనోటు తెచ్చి చాప మీద పరిచింది. పదిమందీ దాన్ని చేతుల్లోకి తీసుకుని ఒకరి తర్వాత ఒకరు చూశారు.

చదువుకుని ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. మన వీధిలోనో, వెనకవీధిలోనో ఒక సంఘం ఉండే ఉంటుంది. నెలకి రెండు మధ్యాహ్నాలు వాళ్ళతో కూర్చోగలమా? వాళ్ళ బదులు రాసిపెట్టడానికి కాదు. అలా రాసిపెడితే మనమూ ఇంకో నకలు తయారు చేసినవాళ్ళమే అవుతాం. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, పైకి చదివి వినిపించి, "ఇదేనా మీరన్నది?" అని అడగడానికి. రెండోసారి వాళ్ళలోనే ఎవరో ఒకరు పెన్ను పట్టుకుంటారు. మా వెనకవీధి సంఘంలో టెన్తు తప్పిన కోడలు పిల్ల ఒకతె ఇప్పటికే పట్టుకుంది. అక్షరాలు కాస్త వంకర, లెక్క మాత్రం తిన్నగానే ఉంది.