పల్లె బస్సును దొడ్డిదారిన పోనివ్వం!

“ఆర్టీసీ నష్టాల్లో ఉన్నది” అనే పాత పల్లవి మరల వినవస్తున్నది. ఒకప్పుడు ప్రైవేటీకరణ అని బాహాటంగా ప్రకటించేవారు, కార్మికులు ప్రతిఘటించేవారు. ఇప్పుడు ఆ ప్రకటన కూడా ఉండదు. బస్సు మీద సంస్థ పేరు అలాగే ఉంటుంది. కాని బస్సుకు యజమాని వేరు, డ్రైవరుకు జీతమిచ్చేవాడు వేరు. రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకు ఈ ఎత్తుగడ చిరపరిచితమే గనుక దీనిని గురించి నోరు విప్పవలసిన బాధ్యత మనపై ఉన్నది.

తెలుగునాట ప్రభుత్వ బస్సు రైల్వే కడుపున పుట్టిన బిడ్డ. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో, 166 మంది కార్మికులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పింది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీకి మూలం ఆ శాఖే. రైలు పట్టాలు లేని ఊరికి మనిషిని చేర్చింది ఆ బస్సు. ఎన్నో పల్లె పోస్టాఫీసులకు ఉత్తరాల సంచీని మోసుకుపోయింది కూడా ఆ బస్సే.

సంస్థ వ్యాపార సూత్రాలపై నడవాలని 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలో ఉన్నదని లాభనష్టాల పండితులు గుర్తు చేస్తుంటారు. నిజమే, 22వ సెక్షన్‌లో ఆ మాట ఉన్నది. అయితే వారు 18వ సెక్షన్‌ను ఎందుకు చదవరు? చాలినంతగా, సమర్థంగా, పొదుపుగా, సమన్వయంతో రవాణా సౌకర్యం కల్పించడం సంస్థ విధి అని అదే చట్టం శాసిస్తున్నది. బస్సు ఎక్కలేకపోయిన మనిషి నష్టం ఏ డిపో ఈపీకే లెక్కలోకి వస్తుంది?

ఆర్టీసీ ఆర్థికంలో మర్మమేమీ లేదు. దూరప్రాంత సర్వీసుల రాబడితో పల్లెవెలుగు నడిచింది. రద్దీ రూటు మిగులే మారుమూల ట్రిప్పుకు డీజిలు పోసింది. ఇప్పుడు ఆ మిగులుకే గండి కొడుతున్నారు. దేశమంతటా తిరిగేందుకు టూరిస్టు పర్మిట్లు పొందిన ప్రైవేటు బస్సులు బస్టాండు ఎదుటే సీటు సీటుకూ టిక్కెట్టు అమ్ముకుంటున్నవి. లాభాల రూటు వారికి, నష్టాల రూటు సంస్థకు! ఆపైన సంస్థే అసమర్థమైనదని నింద. డీజిలుపై పన్ను వసూలు చేసుకొనే ప్రభుత్వమే నష్టాల గురించి ఉపన్యసించడం విడ్డూరం కాదా?

విద్యుత్ బస్సులకు మేము వ్యతిరేకులం కాము. పొగలేని బస్సు ప్రజలకు మంచిదే, కార్మికుల ఊపిరితిత్తులకూ మంచిదే. మా అభ్యంతరం కాంట్రాక్టు మీద. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవా పథకం 10,000 బస్సులను ప్రైవేటు భాగస్వామ్యంతో నడిపేది. బస్సూ, డ్రైవరూ కాంట్రాక్టరువి. సంస్థ కిలోమీటరు లెక్కన చెల్లించాలి. సంస్థకు మిగిలేది చెల్లింపుల బాధ్యత మాత్రమే.

“మా ఉద్యోగాలు ప్రభుత్వంలో కలిస్తే చాలు” అనే సోదరులకు ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులైనారు. తెలంగాణలోనూ 2023లో విలీన చట్టం వచ్చింది. ఆ విజయాలు పోరాట ఫలాలే. కాని ఉద్యోగి ప్రభుత్వంలోకి వచ్చినంత మాత్రాన సర్వీసు నిలబడదు. రిటైరైన డ్రైవరు స్థానం భర్తీ కాకపోతే, తుక్కుకు పోయిన బస్సు స్థానంలో సొంత బస్సు రాకపోతే, పదేళ్లలో సంస్థ పేరు మాత్రమే మిగులుతుంది.

మధ్యప్రదేశ్ అనుభవం కళ్లెదుటే ఉన్నది. అక్కడ 2005లో రాష్ట్ర రవాణా సంస్థను మూసివేయ నిర్ణయించారు. ఇరవై ఏళ్ల తరువాత, 2025లో, అదే రాష్ట్ర మంత్రివర్గం ప్రజారవాణా కొరకు కొత్త పథకాన్ని ఆమోదించవలసి వచ్చింది. అందులోనూ బస్సులు ప్రైవేటు వారివే. కూల్చినదానిని తిరిగి కట్టడం అంత తేలిక కాదు.

ఇక ఆత్మవిమర్శ. 2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 వరకు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఆ మధ్యలోనే 5,100 రూట్లను ప్రైవేటుకు అప్పగించ మంత్రివర్గం నిర్ణయించింది. మనం సంఘీభావ తీర్మానాలు చేసి బాధ్యత తీరిందనుకున్నాం. తరువాత ఏమైంది? కరోనా పేరిట 2020లో ఆగిన ప్యాసింజరు రైలు ఎక్స్‌ప్రెస్ పేరుతో తిరిగి వచ్చింది. కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30కి ఎగబాకింది. 2024 ఫిబ్రవరిలో గాని దిగిరాలేదు. 2025 అక్టోబరు 1న రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పేరు పెంచి చౌక సేవను మాయం చేయడమే వారి సూత్రం. రేపు పల్లెవెలుగుకూ అదే గతి పట్టదన్న భరోసా ఏమిటి?

మా డిమాండ్లు స్పష్టం:

1. కొత్త బస్సులు, విద్యుత్ బస్సులతో సహా, సంస్థ సొంత ఆస్తిగా కొనాలి. ఖాళీలను రెగ్యులర్ నియామకాలతో నింపాలి.

2. మహిళల ఉచిత ప్రయాణాన్ని మేము స్వాగతిస్తున్నాం. జీరో టికెట్ సొమ్మును ప్రభుత్వం నెలనెలా జమ చేయాలి; పెరిగిన రద్దీకి తగినన్ని బస్సులు వేయాలి.

3. గ్రామసభ అభిప్రాయం తీసుకోనిదే పల్లె ట్రిప్పునుగాని, నైట్ హాల్ట్ బస్సునుగాని రద్దు చేయరాదు.

4. టూరిస్టు పర్మిట్ల దుర్వినియోగాన్ని అరికట్టాలి.

ప్రతి రైల్వే, తపాలా శాఖా సంఘం తన ప్రాంతంలో ఆగిపోయిన ట్రిప్పుల జాబితాను ఊరివారితో కూర్చొని తయారు చేయాలి; దానిని ఆర్టీసీ కార్మిక సంఘాలతో కలిసి డిపో మేనేజరు ముందు ఉంచాలి. 1974 మే నెలలో మనం రైళ్లు ఆపినపుడు పోరాటమంటే ఏమిటో దేశానికి చూపాం. ఈసారి బస్సు నడవడం కొరకు పోరాడుదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!