పగటి క్లాసుకు రాలేని తల్లుల కోసం

తెలంగాణ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,

ప్రతి నెలా 9న సర్కారు దవాఖానాల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తున్నారు. మంచిదే. కానీ మిర్చి ఏరబోయే కూలితల్లి కాన్పు పాఠాల కోసం ఇంకో పగలు మానితే ఆనాటి కూలి పోయినట్టే.

అసలైన కాన్పు నొప్పులని ఎట్లా గుర్తుపట్టాలి? ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకుండా బయల్దేరాలని, 108కి ఫోన్ చేయాలని ఆ తల్లితోపాటు భర్తకూ అత్తకూ ముందే తెలియాలి.

2017లోనే మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టిన రాష్ట్రం మనది; ఇదీ మనకు కష్టం కాదు. ఏడో నెల నుంచి వారానికో సాయంత్రం అంగన్‌వాడీలో ఆశా కార్యకర్తలతో ఈ పాఠాలు చెప్పించండి. అప్పుడూ రాలేనివారికి తెలుగులో, గోండిలో ఆడియో పంపండి. ఆ అదనపు వేళకు ఆశా కార్యకర్తలకు అదనపు భత్యమూ ఇవ్వండి.

ఇట్లు,
ఒక పౌరురాలు