రాతను కాదనొచ్చు, రాకను కాదు

2012లో అమెరికాలోని కొలరాడోలో ఇద్దరు పురుషులు తమ పెళ్లి విందుకు కేకు కావాలని మాస్టర్‌పీస్ కేక్‌షాప్‌కు వెళ్లారు. పుట్టినరోజు కేకు అడిగితే ఇస్తాను గానీ, మీ పెళ్లికి చేయడానికి నా మతం ఒప్పుకోదన్నాడు యజమాని. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో 7–2 మెజారిటీతో ఆయన నెగ్గాడు గానీ, ఆయన వాదన నెగ్గలేదు. రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆయన విశ్వాసాన్ని చులకన చేసిందని కోర్టు తప్పుపట్టి, విశ్వాసం పేరిట వ్యాపారి పని నిరాకరించొచ్చా అన్న అసలు ప్రశ్నను దాటేసింది.

ఆ ప్రశ్నకు జవాబు అదే ఏడాది బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. బెల్‌ఫాస్ట్‌లోని యాషర్స్ బేకరీ, స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదంతో కేకు చేయనంది. న్యాయమూర్తులు ఏకగ్రీవంగా బేకరీని సమర్థించారు. ఆ నినాదం ఎవరు రాయమన్నా బేకరీ రాయదు. దాని అభ్యంతరం రాత మీదే గానీ, వచ్చిన మనిషి మీద కాదు.

గీత గీయాల్సింది ఇక్కడే. కొలరాడోలో కేకు మీద ఏం రాయాలన్న మాటే రాలేదు. కొనేవాళ్లెవరన్నదే అడ్డు వచ్చింది. 2023లో స్వలింగ వివాహాలకు వెబ్‌సైట్లు చేయనన్న ఒక డిజైనర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6–3తో భావప్రకటనా స్వేచ్ఛ పేరిట ఈ గీతను మసకబార్చింది.

నమ్మకం నిజమైనదే కావచ్చు. దక్షిణ కరోలినాలో పిగ్గీ పార్క్ హోటళ్ల యజమాని కూడా నల్లజాతివారికి వడ్డించడం తన మతానికి విరుద్ధమనే వాదించాడు. 1968లో అదే సుప్రీంకోర్టు ఆ వాదనను పసలేనిదని కొట్టిపారేసింది. దేవుడి పేరు చెప్పినంత మాత్రాన వెలి ధర్మమైపోదు.

మన రాజ్యాంగం 15(2) అధికరణం ఈ గీత ఎప్పుడో గీసింది. మతం, కులం, లింగం, పుట్టిన చోటు చూపి దుకాణంలోకి, హోటల్లోకి రానివ్వకపోవడం కుదరదు. అమ్మేవారి విషయంలోనూ అంతే. 2024 జులైలో శివభక్తుల కాంవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాలను మన సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఏం వండుతున్నారో రాస్తే చాలంది. ఆ ధర్మాసనంలో ఒకరు మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. కేరళలో తాను ఒక ముస్లిం నడిపే శాకాహార హోటల్‌కు వెళ్లేవాడినని విచారణలో ఆయనే చెప్పారు. శాకాహార హోటల్ మాంసం వండనక్కర్లేదు, తినడానికి వచ్చినవాడి మతం అడగనూ అక్కర్లేదు.

చిక్కల్లా అమలుతోనే. అంటరానితనం పేరిట దుకాణంలోకి రానివ్వకపోతే 1955 నాటి చట్టం కింద శిక్ష ఉంది. మతం చూసి పొమ్మంటే ఎవరికి ఫిర్యాదు చేయాలో, నష్టపరిహారం ఎంతో చెప్పే సమగ్ర చట్టం లేదు. అద్దె ఇంటి కోసం వెళ్తే కులమూ మతమూ అడిగే యజమాని అసలు 15(2) పరిధిలోకే రాడు. శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన వివక్ష వ్యతిరేక బిల్లు చట్టం కాలేదు. ప్రభుత్వమే అలాంటి బిల్లు తేవాలి. అందులో వ్యాపారి విశ్వాసానికీ చోటివ్వాలి: తాను ఏం అమ్మాలో తేల్చుకునే మేరకే, ఎవరికి అమ్మాలో తేల్చుకునేంత కాదు.